పాతర నుండి డబ్బా వరకు

తాను తినునది ఆహారమనియు, పరుడు తినునది వింతయనియు తలచుట మనుష్యునకు అనాదిగా వచ్చుచున్న అలవాటు. ఈ అలవాటు ఎంత నిరాధారమైనదో తెలిసికొనగోరువారు తగరపు డబ్బాలలో పోసి అమ్మబడు ఆహారముల చరిత్రను ఒకమారు తిరుగవేయవలెను. కొరియా దేశమున పట్టుదారము తీసిన పిమ్మట మిగిలిన పురుగులను ఉడికించి డబ్బాలలో పెట్టి అమ్ముదురు. జపానులోని నగానో ప్రాంతమువారు తేనెటీగల పిల్లపురుగులను, పొలములలోని మిడుతలను సోయాపులుసుతో వండి డబ్బాల కెక్కించి వెలపెట్టి కొందురు. స్వీడను దేశస్థులు పులియబెట్టిన హెర్రింగు చేపను డబ్బాలో మూయుదురు. మూసిన పిదప కూడ లోపల పులియుట సాగుచునే యుండుటచే ఆ డబ్బా పొట్ట ఉబ్బును. 2006లో కొన్ని విమాన సంస్థలు దానిని ప్రేలుడు వస్తువులతో సమానముగా నెంచి తమ విమానములలో నిషేధించినవి. ఆ దేశపువారికి మాత్రము అది పండుగ భోజనమే.

ఈ సంగతులు చదివి మన చదువరులలో కొందరు ముక్కు మూసికొందురని మే మెరుగుదుము. అయితే నగానో దాక పోనక్కరలేదు. మార్కాపురమునకు పడమట, గిద్దలూరునకు ఉత్తరమున వ్యాపించియున్న నల్లమల అడవులలోని చెంచులు తేనెపట్టును దించినపుడు తేనెతోపాటు అందలి పిల్లపురుగులను కూడ తినుట వారి పూర్వాచారము. చింతపండును కట్టెల బూడిదతో కలిపి తినుట వారికి మరియొక అలవాటు. ఇందులో తెలివి లేకపోలేదు; బూడిదలోని క్షారము చింతపండులోని ఆమ్లమును విరుచును, పులుపు తగ్గి కడుపునకు హితమగును. అదే పురుగు జపానులో డబ్బా కెక్కి రంగుల కాగితము చుట్టుకొన్నప్పుడు అపురూప పదార్థ మగుచున్నది. నల్లమలలో ఆకుమీద నున్నప్పుడు అనాగరికుల తిండి యగుచున్నది. పదార్థమున భేదము లేదు. భేద మంతయు అమ్మువాని స్థితిలో నున్నది. ఈ వ్యాసమునకు ఇదియే మూలసూత్రము. కరువునకు పేరుపడిన ఈ పడమటి సీమ చరిత్రలో మూతవేసిన ఆహారము ఎవరి చేతిలో నుండి ఎవరి చేతిలోనికి పోయినదో చూచినచో, వింత యనునది తిండిలో లేదనియు, తిండిపై అధికారము చేజారుటలో నున్నదనియు తేటపడును.

మొదట డబ్బా పుట్టుక. ఫ్రాన్సు దేశమున మిఠాయిలు చేయు నికొలా అప్పేర్ అనునతడు ఆహారమును గాజుసీసాలలో నింపి, బిరడా బిగించి, మరగు నీటిలో చాలసేపు ఉంచినచో అది చెడదని పెక్కేండ్ల ప్రయోగములచే కనుగొనెను. 1810లో ఆ దేశ ప్రభుత్వము అతనికి 12,000 ఫ్రాంకుల బహుమానమిచ్చి, తన పద్ధతిని గ్రంథముగా ప్రకటింపజేసెను. దూరదేశములలో పోరాడు సేనలకు భోజన మందించుట ఆనాటి ప్రభుత్వముల చింత. అదే సంవత్సరమున ఇంగ్లండులో పీటర్ డ్యూరండ్ తగరపు పూత గల ఇనుపపాత్రలకు పేటెంటు పొందెను. 1813 నాటికి బ్రయన్ డాంకిన్ కర్మాగారము బ్రిటిషు నౌకాదళమునకు డబ్బామాంస మందించుచుండెను. ఇంత జరిగినను ఆహార మేల చెడుచున్నదో, మూతవేసి కాచినచో ఏల చెడకున్నదో అప్పేరునకే తెలియదు. కంటికి కానరాని సూక్ష్మజీవులే కుళ్లుటకు కారణమని పాశ్చరు నిరూపించుటకు మరి యర్ధశతాబ్దము పట్టినది. డబ్బాను తెరచు పనిముట్టు కూడ 1850ల వరకు రాలేదు. అంతవరకు సిపాయిలు ఉలియు సుత్తియు పుచ్చుకొని డబ్బాలు పగులగొట్టుచుండిరి.

డబ్బాకు పుట్టుకతో వచ్చిన దోష మొకటి కలదు. అది లోపలిదానిని కాపాడును, దాచును కూడ. సంతలో వంకాయ కొనువాడు పుచ్చు చూచుకొనును. డబ్బా కొనువాడు మూతను నమ్మవలసినదే. 1852లో ఇంగ్లండులోని గాస్పోర్టు నౌకాదళపు గిడ్డంగిలో నిలువయున్న మాంసపు డబ్బాలను వందలకొలది విప్పి చూడగా అధికభాగము కుళ్లిపోయి, తినరాని అవయవములతో నిండియుండెను. దేశమంతట గగ్గోలు పుట్టినది. చౌకగా ఇత్తునన్నవానికి కాంట్రాక్టు ఇచ్చి, పరీక్షించుట మానుటవలన వచ్చిన ఫలమది. ఆ తరువాతనే తనిఖీలు కట్టుదిట్టములైనవి. కనుక డబ్బామీద మనుష్యునకు గల నమ్మకము డబ్బా సహజగుణము కాదు. ప్రజలు అడిగి, పోరాడి, శాసనముల మూలమున సంపాదించుకొన్నది.

మూతవేసి కాపాడు విద్య పాశ్చాత్యులకే తెలియునని తలచుట పొరపాటు. ఊరగాయలో ఉప్పు, కారము, నూనె, ఆవపిండి చేయు పని సూక్ష్మజీవులను అరికట్టుటయే. వడియాలు, ఒరుగులు, మామిడితాండ్ర నీటిని హరించి ఆహారమును నిలుపు ఉపాయములు. కాని వీని నన్నిటిని మించినది మెట్టసీమల జొన్నపాతర. గట్టినేలలో లోతుగా గోయి త్రవ్వి, అడుగునను ప్రక్కలను గడ్డియు చొప్పయు పరచి, ఎండిన జొన్నలు పోసి, పైన మరల చొప్ప కప్పి మన్నుతో మెత్తుదురు. లోపలి గింజయు, గింజలోని పురుగును ఉన్న ప్రాణవాయువును పీల్చివేయగా, పురుగు చచ్చును, గింజ నిలుచును. ఇట్లు జొన్నలు ఏండ్లతరబడి చెడక యుండును. పాతర తీసినంతనే అందు దిగరాదనియు, దీపము దించి చూచి, అది ఆరినచో ఆగవలెననియు మన రైతులకు తెలియును. అందు నిలిచిన చెడుగాలి మనుష్యుని చంపును. అప్పేరు సీసాయు, మన పాతరయు గాలిని బయట నిలిపి తిండిని కాచునవే. అతని సీసాకు నిప్పు తోడైనది, మన పాతరకు మన్ను తోడైనది. ఒకటి సైన్యమునకై పుట్టినది, మరియొకటి వానలేని యేటికై పుట్టినది.

అయితే పాతరను గూర్చి గొప్పలు చెప్పి ఊరకుండుట చరిత్రకారునకు తగదు. పాతర కలవానికే పాతర. 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమును పీడించిన ధాత కరువులో ఈ సత్యము వెల్లడియైనది. నాడు మార్కాపురము, కంభము తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. 1871 జనగణనకును 1881 జనగణనకును నడుమ ఆ జిల్లా ప్రజలు దాదాపు నాలుగవ వంతు తగ్గిపోయిరి. పాతరలు లేని కూలివాండ్రు ఆకులలములు, అడవిదుంపలు, గడ్డిగింజలు, చింతగింజలు తినిరి. 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్ దొర కరువుపనులలోని కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, ఒక అణాయు చాలునని నిర్ణయించెను. ఇంత తక్కువ తిండితో రాళ్లు మోయువాడు బ్రతుకజాలడని మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారియైన కార్నిష్ వైద్యుడు నిరసించెను. కొన్ని నెలలకు ఆ కూలి పెంచబడెను. ఆ యేండ్లలోనే ఇండియా నుండి ఇంగ్లండునకు గోధుమల ఎగుమతి సాగుచుండెను. దేశమున తిండి లేక జనులు చావలేదు. తిండి కొను శక్తి లేక చచ్చిరి. ఇది అప్పటి లెక్కలే చెప్పుచున్న మాట.

ఆ కరువు పిమ్మట 1880 నాటి క్షామ కమిషను రైలుమార్గములను సిఫారసు చేసినది. బళ్లారి నుండి కృష్ణాతీరమునకు వేసిన మార్గము ఈ కరువురక్షణ మార్గములలో నొకటి. నంద్యాల దాటి నల్లమలను సొరంగముతో చీల్చి, గిద్దలూరు, కంభము, మార్కాపురము రోడ్డు స్టేషనుల మీదుగా అది పోవుచున్నది. రైలు ధాన్యమును తెచ్చినది, ధాన్యమును తీసికొనియు పోయినది. ఊరి ధర రేవుపట్టణపు ధరతో ముడిపడినది. పాతరలో గింజ దాచుటకంటె పైకము చేసికొనుట లాభమను బుద్ధి పుట్టినది. ఆ కాలముననే కిరసనాయిలు డబ్బా పల్లెలకు వచ్చి, నూనె తీరిన పిదప నీళ్ల కావడి యైనది, పిండిడబ్బా యైనది, తేనెడబ్బా యైనది. తెలుగు ఇండ్లలో తగరపు డబ్బా మొట్టమొదట తిండిని తెచ్చిన పాత్రగా గాక, ఖాళీపాత్రగా ప్రవేశించినదని చెప్పుట అతిశయోక్తి కాదు.

డబ్బా మన ఆచారములకు పెట్టిన పరీక్ష కూడ గమనింపదగినది. ఎవరు వండిరి, ఎవరు తాకిరి, ఎవరు వడ్డించిరి అని విచారించుచు పంక్తులు వేరుచేసికొన్న సంఘమున, డబ్బాపాలు చడిచప్పుడు లేక వంటింట ప్రవేశించినవి. డబ్బాకు మూతవేసిన చేయి ఏ కులపు చేయి యని అడిగినవారు లేరు, అడిగినను చెప్పువారు లేరు. చెంచువాడు దించిన తేనె దేవుని అభిషేకమునకును, పసిబిడ్డ నాలుకకును, వైద్యుని లేహ్యమునకును పనికివచ్చినది. ఆ చెంచువాడు నీళ్లు త్రాగిన చెంబు మాత్రము నిన్నమొన్నటివరకు మన యిండ్లలోనికి రాదయ్యెను. వస్తువునకు అంటులేదు, మనుష్యునకు అంటు! మూత మనుష్యుని కనబడకుండ చేయగనే అంటు మాయమైనదనిన, ఆ అంటు వస్తువులో ఎన్నడును లేదనుటకు వేరు సాక్ష్య మేల?

స్వాతంత్ర్యము వచ్చిన పిదప మరియొక విధమైన డబ్బా వచ్చినది. అమెరికా ప్రభుత్వము 1954లో తన దేశమున మిగిలిన ధాన్యమును, పాలపొడిని పరదేశములకు పంపుటకు శాసనము చేసినది. 1960ల దశకమున కేర్ అను సంస్థ తోడ్పాటుతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక పాఠశాలలలో పిల్లలకు మధ్యాహ్నపు భోజనము పెట్టబడినది. గోధుమరవ్వ, మొక్కజొన్నపిండి, పాలపొడి, డబ్బాలలో సోయానూనె; డబ్బాలమీదను సంచులమీదను కలిపిన రెండు చేతుల ముద్ర. జొన్నసంగటి, కొర్రన్నము తినిపెరిగిన పిల్లలకు ఈ పసుపుపచ్చని ఉప్మా మొదట వింత, పిదప అలవాటు, పెద్దయైన పిదప తీపిజ్ఞాపకము. ఆ తిండిని మేము నిందింపము. ఆకలిగొన్న పిల్లవానికి బడిలో ముద్ద పెట్టినవాడు ఎవడైనను పూజ్యుడే. కొరియాలోను ఇట్లే జరిగినది: 1950–53 యుద్ధకాలమున అమెరికను సైనిక శిబిరముల నుండి వచ్చిన డబ్బామాంసముతో ఆకలిగొన్నవారు పులుసు కాచుకొనిరి, నేడది వారి దేశపు వంటకములలో నొకటి, ఆ డబ్బా పండుగనాటి కానుక. ఒక తరమువారి ఆపద్ధర్మము తరువాతి తరమువారి రుచి యగును.

కాని దానముగా వచ్చిన డబ్బాను రెండు విధముల వాడుకొనవచ్చును. 1970లో ఆరంభమైన క్షీరవిప్లవమున ఐరోపా నుండి దానముగా వచ్చిన పాలపొడిని, వెన్ననూనెను మన పట్టణములలో పాలుగా చేసి అమ్మి, ఆ పైకముతో పాల ఉత్పత్తిదారుల సహకారసంఘములను కట్టిరి. డబ్బాను మూలధనముగా చేసికొని, మరల డబ్బా అక్కరలేని స్థితిని సాధించిరి. మెట్టపంటల విషయమున మన మట్లు చేయలేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. పేదల కడుపు నిండినది, అది మంచిపని. కాని కొర్ర, సజ్జ, వరిగ, ఆరిక పండించు రైతునకు అట్టి ఆదరువు కల్పించినవారు లేరు. పంట సన్నగిల్లినది, దంచు రోలు మూలబడినది. ఐక్యరాజ్యసమితి మన దేశపు ప్రేరణచే 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన నాటికి, మన అవ్వలు పేదతిండి యని సిగ్గుపడుచు వండిన కొర్రలు అందమైన పొట్లములలోను డబ్బాలలోను బియ్యమునకు మించిన ధరతో పట్టణపు అంగళ్ల కెక్కినవి. గిద్దలూరు పొలమున పండినది గిద్దలూరు పిల్లవానికే వింత తిండి యైనది. స్వీడను చేప మనకు వింతయగుటలో ఆశ్చర్యము లేదు; మన కొర్రలు మనకు వింతయగుట విచారింపదగినది.

తేనె సంగతియు నిట్టిదే. పెనుకొండచరియలకు వ్రేలాడు పట్టును దించుటకు చెంచు యువకుడు అడవితీగల త్రాటిపై దిగును. పైన త్రాడు పట్టువాడు అతని బావమరది యై యుండవలెనని ఆచారము; చెల్లెలి మాంగల్యము తన చేతిలో నున్నవాడు త్రాడు విడువడని దాని భావమందురు. ఆ తేనెను కొనుటకై 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. దళారుల తూనికరాళ్ల నుండి గిరిజనులను కాపాడుట దాని యుద్దేశము. ఆ సంస్థ తేనెయు, సుగంధిపాల వేరుతో చేసిన నన్నారి పానకమును నేడు మూతవేసిన సీసాలలో మన యిండ్లకు వచ్చుచున్నవి. ఇది మేలైన మార్గము. అయినను మూతమీది ముద్ర చూచి ధర యిచ్చు మనము, త్రాటిపై దిగినవానికి అందులో ఎంతపాలు చేరుచున్నదని అడుగుట అలవరచుకొనలేదు.

ఇక చివరి డబ్బా. అది అన్నిటికంటె వింతయైనది, ఏలయన అందులో నున్నది మంచినీరు. 1937లో మద్రాసు వైద్యశాస్త్రజ్ఞులైన షార్ట్, పండిట్, రాఘవాచారి మొదలగువారు నెల్లూరు జిల్లాలో పండ్లు గారపట్టి, ఎముకలు బిగిసి, నడుములు వంగిపోయిన జనులను పరీక్షించి, బావినీటిలోని ఫ్లోరైడే దీనికి కారణమని ప్రకటించిరి. మన దేశమున ఈ వ్యాధినిగూర్చి వెలువడిన తొలి శాస్త్రీయ నివేదిక యది. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు నాడు ఆ జిల్లాలోనివి. 1970లో కర్నూలు నుండి మార్కాపురము, గిద్దలూరులును, నెల్లూరు నుండి ఈ ప్రాంతములును చేరి ఒంగోలు జిల్లా యైనవి, 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టబడినది. నీటి లీటరులో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని శాస్త్రజ్ఞుల నిర్ణయము. కాచినచో ఇది పోదు; నీరు ఆవిరియై తగ్గిన కొలది మిగిలినదానిలో ఇంకను చిక్కబడును. చెరువునీరు తగ్గి, బోరుబావులు లోతుకు పోయిన కొలది బండరాళ్లలోని ఈ విషము పైకి వచ్చినది. అందుచే వడపోత యంత్రములు ఊరూర వెలసినవి. ఇరువది లీటర్ల డబ్బా నీళ్లు కొని త్రాగుట ఇచ్చటి కాపురములకు బియ్యము కొనుటవలె నిత్యకృత్య మైనది. కొనలేనివాడు బోరునీరే త్రాగుచున్నాడు.

ఈ సీమ నీరెరుగని సీమ కాదు. గుండ్లకమ్మకు అడ్డముగా కొండల నడుమ విజయనగర రాజుల కాలమున కట్టిన కంభము చెరువు శతాబ్దములుగా నిలిచియున్నది. పాతర గింజకు ఎట్టిదో, చెరువు నీటి కట్టిది. అది ఊరి యుమ్మడి పాతర. కృష్ణాజలములను శ్రీశైలము జలాశయము నుండి సొరంగములద్వారా ఇటు తెచ్చుటకు వెలిగొండ పథకమునకు 1996లో పునాదిరాయి పడినది. దానికి ఈ ప్రాంతపు ప్రజానాయకుడు పూల సుబ్బయ్యగారి పేరు పెట్టిరి. సొరంగముల త్రవ్వకమునకే దశాబ్దములు గడచినవి. నాడు కంభము చెరువు కట్టించినవారు వడపోత యంత్ర మెరుగరు. యంత్ర మెరిగిన మనము చెరువు పూడిక తీయ మరచితిమి.

గాస్పోర్టు నావికునకు డబ్బాలోని కుళ్లు కనబడలేదు. మార్కాపురపు ఇల్లాలికి డబ్బానీటిలోని ఫ్లోరైడు కనబడదు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచియు తెలియదు. వడపోత పొర అరిగినను నీరు మునుపటివలెనే తేటగా నుండును. నావికుని కాపాడినది డబ్బాపై నమ్మకము కాదు, డబ్బా విప్పి చూచిన పరీక్ష. కావున ప్రతి పంచాయతీయు తన యూరి బోర్లలోను, అమ్మకపు నీటిలోను ఫ్లోరైడు ఎంత యున్నదో ఏటేట పరీక్షింపజేసి, ఆ అంకెను పంచాయతీ గోడపై అందరు చదువునట్లు వ్రాయింపవలెను. దేశమునకు పలకలను పంపి పిల్లలకు అక్షరములు నేర్పిన మార్కాపురపు సీమలో ఒక అంకె వ్రాయుటకు పలక కరవు కాదు. బడి భోజనమున వారమునకు కొన్ని దినములైనను ఈ నేలలో పండిన కొర్రయు జొన్నయు వండించి, వానిని ఇచ్చటి రైతు వద్దనే కొనవలెను. తేనెసీసా మీద ధరతోపాటు సేకరించినవానికి ముట్టిన మొత్తమును అచ్చువేయవలెను. చెరువుల పూడిక తీయు పనిని కరువు వచ్చిన యేట కూలిపనిగా గాక, కరువు రాకముందే ఊరిపనిగా చేసికొనవలెను.

ఇవి అసాధ్యములైన కోరికలు కావు. డబ్బాను పారవేయుమని మేము చెప్పుట లేదు. అది మనుష్యుని తెలివి కట్టిన పాత్రలలో గొప్పది. మూత వేయువాడు ఎవడు, లోపల నున్న దేమి, దాని ధర ఎవరికి చేరును అను మూడు ప్రశ్నలు అడుగుటకు కొనువానికి హక్కు కలదనియు, ఆ హక్కును వాడుకొనని ప్రజకు సొంత పొలములోని గింజయు, సొంత భూమిలోని నీరును పరుల యంగడి సరకు లగుననియు మాత్రమే మా మనవి.